లలిత పట్టిన పానా

2023 వేసవి. హుస్నాబాద్‌లో నాకు కార్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లకు పైగా బండ్లు విప్పి బిగించడమే నా బతుకు. ఆ వేసవిలో మాత్రం బైకు మీంచి పడి, కుడి చేతికి కట్టుతో ఇంట్లో కూర్చున్నాను. పెళ్లిళ్ల కాలం కావడంతో ఊళ్లోని మిగతా షెడ్ల ముందు కిరాయి బండ్లు బారులు తీరాయి.

ఒకరోజు పొద్దున్నే మా వీధి చివర ఉండే లలిత వచ్చింది. ఆమె భర్త మల్లేశం దుబాయ్‌లో పనిచేస్తాడు. అత్త రాజవ్వకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం తరచూ కరీంనగర్ తీసుకెళ్లాలి. అది చేయించుకున్నాక ఆ పెద్దామె బస్సు కుదుపులు తట్టుకోలేదు. అందుకే లలిత పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకుని, ఇంట్లో ఉన్న పాత కారులో తనే తీసుకెళ్తోంది.

"అన్నా, బ్రేకు తొక్కితే కీసుమని సప్పుడస్తుంది. రేపు అత్తమ్మను కరీంనగర్ తీస్కపోవాలె. ఏ షెడ్డుకు పోయినా ఇప్పట్ల కాదంటున్నరు" అంది.

విషయం అర్థమైంది. ముందు చక్రం వెనక ఇనుప డిస్కు ఉంటుంది. దాన్ని రెండు పక్కల నుంచీ నొక్కి బండిని ఆపేవే బ్రేక్ ప్యాడ్లు. అవి బాగా అరిగితే, ప్యాడ్‌కున్న చిన్న రేకు డిస్కుకు రాసుకుని అరుస్తుంది.

"ప్యాడ్లు మార్చాలె చెల్లె. కానీ నా చెయ్యి సూస్తున్నవు గదా, పానా పట్టరాదు."

"నా చేతులున్నయి గదన్నా. నువ్వు పక్కన కూసోని చెప్పు, నేను జేస్త."

జంకాను. బ్రేకులతో ఆటలు కాదు. ప్రతి బోల్టూ నేను ఎడమ చేత్తో చూశాకే బండి కదలాలన్న షరతు మీద ఒప్పుకున్నాను. కొత్త ప్యాడ్లు తెచ్చుకుని వాళ్ల వాకిట్లో పని మొదలుపెట్టాం. రాజవ్వ కుర్చీ వేయించుకుని మాకు ఎదురుగా కూర్చుంది.

వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించాను. చక్రం నట్లు నేల మీద ఉండగానే వదులు చేయించి, తర్వాతే జాకీ ఎత్తించి, కింద స్టాండు పెట్టించాను. ఎడమ చక్రం పని సాఫీగానే సాగింది. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌ను పైకి లేపి, పాతవి తీసి, ప్యాడ్లను నొక్కే పిస్టన్‌ను క్లాంపుతో నెమ్మదిగా లోపలికి నెట్టి, కొత్తవి పెట్టింది.

కుడి పక్క పాత ప్యాడ్లు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"అన్నా, గివి రెండు ఒక్క తీరుగ లేవేంది? లోపలిది మొత్తం అరిగింది, బయటిది మంచిగనే ఉంది."

నేను కూర్చున్న చోటికి అది కనిపించలేదు. ఆమె చెప్పకపోతే కొత్త ప్యాడ్లు వేసేసేవాళ్లమే, లోపలిది మళ్లీ తొందరగా అరిగిపోయేది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి గైడ్ పిన్నులుంటాయి. వాటిలో ఒకటి తుప్పుతో బిగుసుకుపోయి, క్యాలిపర్ జరగక, లోపలి ప్యాడ్ ఒక్కటే డిస్కును నొక్కుతూ అరిగింది.

"బండి ఇరుసుకు కందెన లేకుంటే గట్లనే పట్టుకుంటది బిడ్డా" అంది రాజవ్వ.

తుప్పు వదిలే నూనె కొట్టి, పానా పెట్టి అటూ ఇటూ తిప్పింది లలిత. పిన్ను కదల్లేదు. చెమట కళ్లల్లోకి కారుతోంది. అంతలో మల్లేశం వీడియో కాల్.

"నీకెందుకే గా పని? ఇంకింత ఖరాబైతే పరేషాన్ గాదూ?"

"నువ్వు జర ఫోన్ పెట్టు. పిన్ను వదుల్తుంది."

నిజానికి అది ఇంకా వదల్లేదు. ఫోన్ పెట్టేసి మళ్లీ పట్టు పట్టింది. కాసేపటికి కిర్రుమని కదిలింది, ఆ తర్వాత మొత్తంగా ఊడి చేతిలోకి వచ్చింది. "ఎల్లిందే!" అని లలిత అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు.

పిన్ను శుభ్రం చేసి, గ్రీజు పూసి, కొత్త ప్యాడ్లు పెట్టి, అన్నీ బిగించింది. ఒక్కొక్కటీ నేను తడిమి చూశాను. లలిత సీట్లో కూర్చుని బ్రేకు తొక్కితే పెడల్ సీదా కిందికి పోయింది. ఆమె ముఖం తెల్లబోయింది.

"ఫికర్ చెయ్యకు. పిస్టన్లు ఎనుకకు నెట్టినం గదా, అవి ముందుకు రావాలె. ఇంకిన్ని సార్లు తొక్కు."

తొక్కుతుంటే పెడల్ గట్టిపడింది. ఖాళీ రోడ్డు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నెమ్మదిగా నడుపుతూ పదే పదే ఆపి చూసింది. చప్పుడు లేదు. బండి ఏ పక్కకూ లాగలేదు.

మర్నాడు కరీంనగర్ ఆస్పత్రి నుంచి ఫోన్ వస్తే ఎడమ చేత్తోనే గబుక్కున ఎత్తాను. మాట్లాడింది రాజవ్వ.

"తొవ్వల బర్రె అడ్డమొచ్చింది కొడుకా. నా కోడలు బండిని గీత గీసినట్టు ఆపింది! గీడ నర్సులందరికి చెప్పిన, గా బ్రేకులు నా కోడలే ఏసిందని."

మొన్నీ మధ్య మళ్లీ ప్యాడ్లు మార్చాల్సి వచ్చి లలిత కబురు పెట్టింది. పానాలు పట్టుకుని వెళ్లేసరికి ఆమె చేతులు కడుక్కుంటోంది. "పనైపోయిందన్నా, ఒక్కసారి సూసి చెప్పు" అంది. చూశాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు.

బండి సొంతదారులను షెడ్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టడం నా అలవాటుగా ఉండేది. వాళ్లకు ఇవన్నీ ఎందుకులే అనుకునేవాణ్ని. రోజూ ఆ బండిలో తిరిగేవాళ్ల కంటికి నాకు కనపడనిది కనపడుతుందని లలిత వాకిట్లో తెలిసింది. ఇప్పుడు ఆ బెంచీ షెడ్డు లోపల, జాకీ పక్కన ఉంది.