గొంతులో చిలక

కుప్పుస్వామి జోస్యం చెప్పేవాడు కాదు, చెప్పించేవాడు. తిరుపతి బస్టాండు బయట గోనెపట్టా పరిచి, పంజరం తలుపెత్తి, "రా కామాక్షీ, అయ్యకు ఒక చీటీ తియ్" అనేవాడు. చిలక నడిచొచ్చి చీటీ లాగేది. మిగతాదంతా ఈయన నోటి చలవ. పాకాల నుంచి పొద్దున రైల్లో రావడం, సాయంత్రం రైల్లో పోవడం, అదే బతుకు. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆయనకూ, భార్య చెంగమ్మకూ కామాక్షే కూతురు. మెతుకు పెదాల మధ్య పెట్టుకుని అందిస్తేనే తినేది. చేత్తో పెడితే ముఖం తిప్పుకునేది, మహారాణి.

రెండువేల ఏడు వానకాలంలో కామాక్షి అరవడం మానేసింది. ఈకలు ఉబ్బించుకుని మూలన ముడుచుకునేది. ఒకనాడు పిలవకుండానే బయటికొచ్చి, ఎదుట మనిషే లేకపోయినా ఒక చీటీ లాగి కుప్పుస్వామి కాళ్ల దగ్గర పెట్టింది. ఆయన దాన్ని విప్పి చూడలేదు. భయమేసింది.

ఆ తర్వాత ఆయనకే జ్వరం, పొడిదగ్గు పట్టుకున్నాయి. తిరుపతి ఆసుపత్రిలో చేర్చుకుని సూదులు వేశారు, గుణం కనబడలేదు. తెమడ పరీక్షలో ఏ క్రిమీ తేలలేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా రొమ్ము లోపల ఎవరో గోళ్లతో గీరుతున్నట్టుండేది. ఆ చప్పుడు ఆయనకు కొత్త కాదు. పంజరం కడ్డీల మీద రోజూ వినేదే.

"ఇంట్లో పక్షులేమైనా ఉండాయా పెద్దాయనా?" అని అడిగాడు డాక్టరు ధర్మేంద్ర.

"లేవు సార్."

రామచిలకను పెంచడం నేరం. బస్టాండు దగ్గర చూసీచూడనట్టు పోతారు గానీ, ఆసుపత్రి కాగితాల్లోకెక్కి ఫారెస్టోళ్లకు తెలిస్తే చిలకా పోతుంది, తానూ జైలుకు పోతాడు. అందుకే ఎవరడిగినా అదే మాట.

ల్యాబు నుంచి భానుప్రియ అనే అమ్మాయి వచ్చి, గొంతులో దూదిపుల్ల తిప్పి తీసుకుపోయింది. పీసీఆర్ అని ఒక పరీక్ష ఉందట. క్రిమి కంటికి కనబడకపోయినా సరే, దాని జన్యువు రవ్వంత చిక్కితే చాలు, దాన్నే లక్షల కొద్దీ పెంచి ఫలానాదని పట్టిస్తుందట.

మర్నాడు ధర్మేంద్ర మంచం పక్కన కూర్చున్నాడు. "నీ గొంతులో చిలకల నుంచి వచ్చే క్రిమి దొరికిందప్పా. మందు మార్చినాను, నువ్వు బతుకుతావు. ఆ చిలక పక్కన ఇంకెవరన్నా ఉంటే వాళ్ల గతేంది? యాడుండాదో సెప్పు."

కుప్పుస్వామి ఇన్నేళ్లూ జనం గుట్టు చిలక చేత చెప్పించినవాడు. ఇప్పుడు తన గుట్టు తన గొంతులోంచే లాగేశారు. అయినా తల అడ్డంగా ఊపాడు. కామాక్షి పోతే రేపు తినేదేముంది?

సాయంత్రం చెంగమ్మ క్యారియరు పట్టుకుని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూర్చుంటూనే దగ్గింది.

"తింటా ఉండాదా?" అని గుసగుసగా అడిగాడు.

"నువ్వు సెప్పినట్టే నోటితోనే పెడతాండా. కొంచిం కొంచిం తింటా ఉండాది" అని మురిసిపోయింది. కింది పెదవి మీద చిలక ముక్కు గాటు ఎర్రగా కనబడింది. ఆమె ఊపిరి తీసుకుంది. గోళ్లు గీరిన చప్పుడు ఆ రొమ్ములోంచీ వినబడింది.

కుప్పుస్వామి మంచం దిగి, గోడ పట్టుకుంటూ వరండాలోకి నడిచి, డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండాది సార్. పాకాల్లో, మా ఇంట్లోనే. దాన్ని తీసకపోండి, నన్ను జైల్లో ఎయ్యండి. ముందు నా పెళ్లానికి ఆ మందియ్యండి."