మనుషులొక ట్రిప్పు, సైకిళ్ళొక ట్రిప్పు

శ్రీరామప్ప కారు కొంటాడట అని తెలిసిన రోజు, ఛాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల లైన్ ఇళ్ళలో నవ్వనివాడు పాపి. గని మూతపడ్డాక ఏళ్ళ తరబడి వాచ్‌మన్ పని చేసి, అదీ మానేసి ఇంటిపట్టున కూర్చున్న మనిషికి కారెందుకు చెప్పండి? అదీ తాను తిరగడానికి కాదట, రెండు సైకిళ్ళను తిప్పడానికట! "సైకిలు మనిషిని మోస్తాది గాని, సైకిల్ని మోసేదానికి కారేందప్పా?" అని దారిన పోయే ప్రతివాడూ అడిగాడు. అందరికీ అతనిది ఒకటే జవాబు. "మా గురువమ్మకు మిట్ట ఎక్కేదానికి కాదు ఇంగ."

గురువమ్మ అతని భార్య. ఆమె సైకిలెక్కిన కథ తెలియకపోతే ఈ కారు గొడవ అర్థం కాదు, అందుకని ముందు అది వినండి.

గని నడిచిన రోజుల్లో శ్రీరామప్ప బ్యాంక్స్‌మన్. పాతాళానికి దిగే ఇనుప పెట్టెను అక్కడ కేజీ అంటారు. అతను గని నోటి దగ్గర నిలబడి, జనాన్ని ఆ కేజీలోకి ఎక్కించి, గేటు వేసి, గంట కొట్టి కిందికి పంపేవాడు. తాను మాత్రం దిగడు. దిగినవాళ్ళలో ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా ఇంటికీ రాడు. లోపల ఎక్కడో రాయి పగిలి పైన ఇళ్ళలో గిన్నెలు కదిలిన రోజున ఇక చెప్పేదేముంది, షిఫ్టు మీద షిఫ్టు అక్కడే. గురువమ్మ వాకిట్లో కూర్చుని ఉండేది. ముద్ద చల్లారిపోయేది, పిల్లిలా ఒళ్ళో పడుకున్న నిద్ర కూడా లేచిపోయేది, మనిషి వచ్చేవాడు కాదు. పాతికేళ్ళు ఆమె సంసారం ఎక్కువభాగం ఆ వాకిట్లోనే గడిచింది.

గని మూతపడినప్పుడు లైన్ అంతా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే, ఆ మహాతల్లి వెళ్ళి మొగుడి సైకిలు హ్యాండిల్ పట్టుకుంది. "నువ్వు దీన్నెక్కి పోతా ఉంటే చూసి చూసి కండ్లు కాయలు కాచినాయి. ఇంగ నాకూ నేర్పు, నేనూ వస్తా."

నేర్పాడు. పడింది, మోకాళ్ళు చీరుకుపోయాయి. లైన్ అంతా బయటికొచ్చి నవ్వితే వాళ్ళకంటే గట్టిగా తానే నవ్వింది. నెల తిరక్కుండానే ఆడవాళ్ళ సైకిలు ఒకటి ఇంటికొచ్చింది. ఇక చూడండి, పొద్దున్నే ఇద్దరూ బయలుదేరేవారు. రాబర్ట్‌సన్‌పేట బజారులో కొత్తిమీర కట్ట కొనడానికి ఊరంతా చుట్టి వచ్చేవారు. కొత్తిమీర వంకే గాని, కావలసింది ఆ చుట్టడమే.

అట్లాంటి మనిషికి పోయినేడు గుండెజబ్బు చేసింది. ఆసుపత్రి నుంచి బతికి బయటపడింది, అదే పదివేలు. "చదును దారిలో మెల్లగా తొక్కండి, మంచిదే. మిట్టలు మాత్రం ఎక్కొద్దు" అన్నాడు డాక్టరు. వాళ్ళ ఇంటి నుంచి ఎటు తిరిగినా మిట్టే! పల్లం దిగి పోదామంటే వచ్చేటప్పుడు ఎక్కాలి కదా. సైకిలు గోడకు చేరింది, గురువమ్మ మంచానికి చేరింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకునే అన్నది, "ఏమయ్యా, నా సైకిలు ఎవురికన్నా ఇచ్చేయ్. దాన్ని చూస్తా పండుకోనుండేదానికి నాకు కాదు."

డాక్టరు బతికించిన మనిషి కళ్ళముందే ఆరిపోతోందని శ్రీరామప్పకు అర్థమైంది. బూదికోట దగ్గర టమోటా తోటల మధ్య అరచేయిలాంటి చదును దారి ఒకటుంది. గురువమ్మ మళ్ళీ లేచి కూర్చోవాలంటే ఆమెనూ సైకిలునూ అక్కడికి చేర్చాలి. కారు ఆలోచన అప్పుడు పుట్టింది. డబ్బెక్కడిదని నన్నడక్కండి, అది వాళ్ళు చూసుకున్నారు.

రాబర్ట్‌సన్‌పేటలో పాత కార్లు అమ్మే జయరాం అతనికి తెలిసినవాడు. శ్రీరామప్ప గురువమ్మ సైకిలును నడిపించుకుంటూ అక్కడికి వెళ్ళాడు. పెళ్ళిచూపులకు పిల్లను తీసుకెళ్ళినట్టు!

"రా అన్నా, దీంట్లో ఏసీ చూడు ఎట్లుండాదో!" అని జయరాం ఒక పొడుగాటి కారు తలుపు తీశాడు.

"ఏసీ ఎవురికప్పా, సైకిలుకా? డిక్కీ తెరువు."

డిక్కీలో ముందు చక్రం పట్టింది, మిగతాదంతా రోడ్డు మీదే ఉండిపోయింది. తరవాత టాపు మీద క్యారియర్ ఉన్న జీపు చూశారు. ఇద్దరూ చెరోవైపు పట్టి సైకిలును పైకెత్తేసరికి శ్రీరామప్ప భుజం కలుక్కుమంది. "ఇంతెత్తు దినామూ నేనొక్కణ్ణే ఎత్తల్ల. సైకిలు పైకి పోతాది, నేను ఆసుపత్రికి పోతాను. వద్దులే" అన్నాడు.

చివరికి మూలన ఒక పాత వ్యాను కనిపించింది. పక్కకు జరిగే తలుపు, నేలకు దగ్గరగా అడుగు. వెనక సీట్లు ఎప్పుడో పీకేసి ఎవరో టమోటా బుట్టలు తోలారు. సైకిలు దూడలాగా సుళువుగా లోపలికి వెళ్ళి నిలబడింది. పక్కన ఇంకోదానికీ చోటుంది. శ్రీరామప్ప ముఖం వెలిగిపోయింది.

"అయిపాయ! ముందర నువ్వూ అక్కా, వెనక రెండు సైకిళ్ళు. జామ్మని పోతారు" అన్నాడు జయరాం.

వెలిగిన ముఖం టక్కున ఆరిపోయింది. "మనుషులతో సామానా?"

గనిలో అదొక కట్టుబాటు. మనుషులు ఎక్కిన కేజీలో సామాను ఎక్కకూడదు, సామాను ఎక్కిన కేజీలో మనుషులు ఎక్కకూడదు. పని నేర్పిన దొడ్డమునియప్ప తన ఎడమచేతికి లేని రెండు వేళ్ళు చూపించి మరీ అది నేర్పాడు. కుదుపుకు దొర్లిన పైపొకటి తినేసిన వేళ్ళవి. శ్రీరామప్ప పాతికేళ్ళలో ఒక్కనాడూ ఆ మాట దాటలేదు, ఎంత బతిమాలినా ఒక గడ్డపారను కూడా జనంతో పోనివ్వలేదు.

జయరాం తల కొట్టుకున్నాడు. "ఇది గని కాదన్నా, వ్యాను!"

"మనిషి లోపల ఉండి తలుపేస్తే ఏదైనా కేజీనే" అన్నాడు శ్రీరామప్ప. అయినా వ్యాను కొన్నాడు. ఉపాయం అతని దగ్గరే ఉంది, గనిలో చేసిందే. సామానుకొక ట్రిప్పు, మనుషులకొక ట్రిప్పు!

నవ్వకండి, నిజంగా అట్లాగే చేశాడు. తెల్లవారగానే రెండు సైకిళ్ళను ఎక్కించుకుని ఒక్కడే బూదికోట దారిన పోయేవాడు. అక్కడ చిన్నవెంకటమ్మ టీ అంగడి దగ్గర వాటిని దించి, మళ్ళీ వెనక్కొచ్చి గురువమ్మను ఎక్కించుకునేవాడు. మొదటిరోజు చిన్నవెంకటమ్మ బుగ్గన వేలేసుకుంది. "సైకిళ్ళు వచ్చినాయి సరే, నీ పెండ్లాము యాడప్పా?"

"రెండో ట్రిప్పులో వస్తాదమ్మా."

వచ్చేది. వచ్చేసరికి ఎండ చుర్రుమనేది. గురువమ్మ నాలుగు తొక్కులు తొక్కి, ఆయాసపడి కానుగ చెట్టు కింద కూర్చుండిపోయేది. ఇంటికి పోవాలన్నా అంతే తంతు. ముందు ఆమెను దింపి, మళ్ళీ సైకిళ్ళ కోసం పరుగు. కొన్నాళ్ళకు "ఈ పొద్దు వద్దులేయ్యా" అనడం మొదలుపెట్టింది. తరవాత అదీ అనలేదు, పిలిస్తే పలకలేదు, మళ్ళీ గోడవైపు తిరిగింది. శ్రీరామప్పకు ముద్ద దిగలేదు. వ్యాను కొన్నాను, చదును దారి చూపించాను, ఇంకేం చెయ్యాలి దేవుడా అని ఏడుపొచ్చింది.

మర్నాడు ఊరుకోలేక చీకటితోనే సైకిళ్ళు ఎక్కించాడు. గురువమ్మ లేచి వచ్చి వాకిట్లో కూర్చుని చూస్తోంది.

"ఇట్ల పోయి అట్ల వచ్చేస్తా. సిద్ధంగా ఉండు" అన్నాడు.

"నేను సిద్ధం కాను."

"ఏమ్మే, ఒంట్లో బాగలేదా?"

"ఒంట్లో బాగానే ఉండాది. ఈ వాకిట్లోనే బాగలేదు!" అన్నది గురువమ్మ. "పెండ్లైనప్పట్నుంచి ఈడ్నే కూర్చోని నువ్వెప్పుడు వస్తావో అని చూసినా. గనులు మూసేసినారు, ఇంగ ఆ కర్మ తీరింది అనుకుంటిని. ఇప్పుడు సైకిళ్ళు తోలుకొని నువ్వు పోతావు, నేను మళ్ళా ఈడ్నే కూర్చోని దారి చూడల్ల. నాకు తొక్కేదానికి కాదయ్యా చేతకానిది. కాచుకోనుండేదానికి చేతకాదు."

ఆమె లేచి, కొంగు దోపి, వ్యాను ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

"దిగు గురువమ్మా. సామాను ఉండాది."

"ఉండనీ."

"నీకు తెలీదే. నిన్ను సామానుతో పంపియ్యలేను. నాకు భయం" అన్నాడు. ఆ మాట అతను జీవితంలో ఎవరితోనూ అనలేదు.

గురువమ్మ అతని ముఖంలోకి చూసింది. కోపమంతా దిగిపోయింది. "పంపియ్యమని ఎవురు చెప్పినారు నీకు? అందర్నీ పంపించి నువ్వు పైన్నే నిలబడి భయపడినావు, పాపం. ఈసారి పంపేది లేదు. నువ్వూ నాతోనే ఎక్కు."

శ్రీరామప్ప లోపలికి వెళ్ళి ఇంట్లో ఉన్న తాళ్ళన్నీ తెచ్చాడు, చివరికి బావి తాడు కూడా. సైకిళ్ళను ఒకదానికొకటి కట్టి, ఆ రెండిటినీ వ్యానుకు కట్టి, మధ్యలో దుప్పటి కుక్కి, ఊపి చూసి, మళ్ళీ కట్టాడు. గురువమ్మ "ఇంగ చాలు, అవి దొంగలు కాదు" అంటున్నా వినలేదు. అప్పుడు ఎక్కి కూర్చున్నాడు.

ఎడ్లబండి కూడా వాళ్ళను దాటిపోయి ఉండేది, అంత మెల్లగా నడిపాడు. గుంత కనబడితే ఆపడం, వెనక్కి తిరిగి చూడడం. రాబర్ట్‌సన్‌పేట దాటేలోపలే చొక్కా చెమటకు తడిసిపోయింది. గురువమ్మ మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి పట్టుకుంటూ, ఎన్నో నెలల తరవాత లోకాభిరామాయణమంతా మాట్లాడింది.

వాళ్ళు టీ అంగడి చేరేసరికి చిన్నవెంకటమ్మ ఇంకా పొయ్యి రాజెయ్యలేదు. ఎండ రాలేదు. వ్యాను ఆపి శ్రీరామప్ప స్టీరింగ్ మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గురువమ్మ అతని వీపు నిమిరింది.

"వచ్చేసినాము కదయ్యా. ఇద్దరమూ వచ్చేసినాము. ఏడ్చింది చాలు, సైకిలు దించు."

అన్ని ముళ్ళు వేశాడు కదా, విప్పడానికి అతనికి చాలా సమయమే పట్టింది. గురువమ్మ ఆగలేదు. తన సైకిలు చేతికి రాగానే ఎక్కేసింది. అతను రెండోది దించి తొక్కుకుంటూ వెనకే వెళ్ళాడు గాని, ఆ పొద్దు ఆమెను అందుకోవడం అతనివల్ల కాలేదు.