ఆయన చెయ్యి పడని తలలు

పదవి దిగాక బిషప్ గారు కోల్పోయినవి లెక్కపెట్టాను. కారు ఒకటి, డ్రైవరు ఒకడు. ఏడు గదుల బంగళా. పండుగ ఆరాధనల్లో పట్టుకునే వెండి తొడుగు కర్ర. రోజుకు నలభై దాకా వచ్చే ఫోన్లు మొదటి వారంలో ఆరుకు, మూడో నెలకు ఒకటికి దిగాయి. ఆ ఒకటీ నేను చేసేదే. భార్య అంతకు నాలుగేళ్ల ముందే పోయింది కనుక ఆమెను ఈ లెక్కలో కలపలేదు.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. ఆయన ఏ పల్లె సంఘానికి ఏ రోజు వెళ్లాలో పట్టిక వేయడం ఆఫీసులో నా పని. మా సంఘంలో ప్రభు భోజనపు రొట్టె మొదటిసారి తీసుకోవాలంటే ముందు బిషప్ వచ్చి తలమీద చేతులుంచి ప్రార్థించాలి. పాస్టరు చేతులు చాలవు.

అమ్రాబాద్ దాటాక ఒక చిన్న ఊళ్లో ఇరవై ముగ్గురు ఆ చేతుల కోసం కాచుకున్నారు. ఆయన పాస్టరుగా మొదట పనిచేసిన ఊరది. దారి బాగాలేదని ఏటేటా ఆ ఊరిని పట్టికలో కిందికి తోసింది నేనే. చివరికి ఆయనే అడిగి, పదవి దిగేముందు ఆఖరి ఆరాధన అక్కడ పెట్టించుకున్నారు. నేను నెలాఖరు ఆదివారం వేశాను. సర్కారు కొలువులో ఏ తారీఖున పుట్టినా నెలాఖరునే దిగుతారు. మా వీధిలో అందరికీ అలాగే లెక్కగట్టి చెప్పేవాణ్ని. బిషప్ అధికారం మాత్రం వయసు నిండే పుట్టినరోజుతోనే ముగుస్తుంది. ఆయన పుట్టింది పద్దెనిమిదిన. నేను వేసింది ఇరవై ఏడు. బాధ్యతలు అప్పగించమని ఉత్తరం వచ్చేదాకా ఇద్దరమూ గమనించలేదు.

"తప్పు నాదయ్యగారూ" అన్నాను.

"సంతకం నాది గద. నువ్వే పోయి చెప్పిరా. నాకు మొకం చెల్లది."

ఆ ఆదివారం బస్సు దిగి నడిచాను. అందరూ ఉతికిన బట్టలతో, ఏమీ తినకుండా కూర్చుని ఉన్నారు. సంగతి చెప్పాను. సంఘ పెద్ద నన్ను ఎగాదిగా చూశాడు.

"పట్నంల గింత పెద్ద లెక్కలు చేస్తవట. తొమ్మిది దినాలు యాడ వారబోసినవ్ సారూ?"

బిషప్ గారు యువ పాస్టరుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర అక్షరాలు దిద్దిన అవ్వ ఒకామె నవ్వింది.

"ఊకో బిడ్డా, గాయినెను అనకు. నా తల యాడికి పోతది, గీడనే ఉంటది. అయ్యగారి చెయ్యికే తొవ్వ దొరకాలె."

బిషప్ గారు ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నారు. ఆదివారం చర్చిలో చివరి బెంచీ మీద కూర్చుంటారు. ఆరుగురు పట్టే బెంచీ. బిషప్ పక్కన కూర్చోవడం మర్యాద కాదని ఎవరూ కూర్చోరు. నేనూ ముందు బెంచీలోనే కూర్చుంటాను.

రెండేళ్లకు కొత్త బిషప్ వచ్చారు. ఆ ఊరివాళ్లు పన్నెండు మంది బస్సెక్కి వచ్చి ఆయన చేతులు వేయించుకున్నారు. ఇద్దరు అప్పటికే చనిపోయారు. తొమ్మిది మంది తమ అయ్యగారి కోసమే ఆగారు. కొత్తవారు అనుమతిస్తే ఈయన వెళ్లి చేతులుంచవచ్చు. ఆ మాట ఎన్నోసార్లు చెప్పాను.

"అడిగితే ఇస్తడు" అనేవారు. "ఇన్నేండ్లు అందరికీ నేనే ఇచ్చిన. ఇప్పుడు అడుగుదామంటే నోరు వస్తలేదు."

పోయిన నెల అవ్వ చనిపోయింది. ఆ కబురు నేనే చెప్పాను.

"రొట్టె తీస్కోకుంటనే పోయిందా?"

"అవునయ్యగారూ."

కాగితం తెమ్మన్నారు. పైన తారీఖు వేసి, కొత్త బిషప్‌కు అని రాశారు. అక్కడ పెన్ను ఆగింది. మూడు ఆదివారాలుగా వెళ్లి చూస్తున్నాను. కాగితం బల్ల మీదే ఉంది, కింద ఒక్క అక్షరం పెరగలేదు. ఈ రోజుకు మిగిలినవారు ఎనిమిది మంది.