నాగరత్నం పిన్ని అడిగిన మాట

నా దగ్గర ఒకరి మాట ఉండిపోయింది. నాలుగేళ్ళయింది. తిరిగి ఇద్దామంటే ఆ మనిషి ఇప్పుడు లేదు. ఈ సంగతి మా అమ్మకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. ఎదురుగా తెలిసిన మొహం ఉంటే మళ్ళీ అబద్ధమే ఆడతానేమోనని భయం. ఆ పని నాకు బాగానే వచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఉద్యోగం దగ్గర మొదలుపెడతాను. ఉద్యోగం గురించి మాట్లాడటం తేలిక.

నేను ఫోన్లలో వాడే యాప్‌లు డిజైన్ చేస్తాను. ఏ మాట ఎప్పుడు కనిపించాలి, ఏ బొమ్మ ఎప్పుడు కదలాలి, మనిషి ఏది చూసి మురిసిపోయి రేపు మళ్ళీ తెరవాలి, ఇదంతా నా పని. అప్పట్లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీకి, చీరాలలో మా ఇంట్లోనే కూర్చుని పనిచేసేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక వ్యాయామం ముఖం చూడనివాళ్ళకు మెల్లగా నడక అలవాటు చేసే యాప్ అది. చేతికి బ్యాండు కట్టుకుంటే అడుగులు లెక్కపెడుతుంది. ఆ రోజుకు అనుకున్నన్ని అడుగులు పడితే ఫోనులో ఒక మల్లె మొక్క ఆకు వేస్తుంది. నలభై రోజులు ఆగకుండా నడిస్తే పువ్వు పూస్తుంది. నడవకపోతే మొక్క వాడిపోదు, అలాగే ఉంటుంది. అది నా ఆలోచనే. మిగతా యాప్‌లన్నీ స్కూల్లో డ్రిల్లు మాస్టారిలా అరుస్తుంటాయి, మనది అరవకూడదు అని పట్టుబట్టాను. నడవని రోజు సాయంత్రం తెర మీద చిన్న అక్షరాల్లో ఇలా వస్తుంది: "కుదరలేదా? పర్లేదు. రేపు చూద్దాం." ఆ పర్లేదు నేను రాసిందే. మా సారు దాన్ని ఎంత మెచ్చుకున్నారంటే, యాప్ మొత్తం ఇదే గొంతుతో మాట్లాడాలన్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు "అలా కాదు" అని ఎక్కడా చెప్పకూడదు. మా అందరికీ అదే నియమం.

నాగరత్నం పిన్నిది మా వీధి చివరి ఇల్లు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ పిన్నీ అని పిలవడమే. బాబాయికి చూపు మందగించాక మగ్గం మీద ఆవిడే కూర్చుంది. ఆయన పక్కన కూర్చుని నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టి ఇచ్చేవాడు. మా దగ్గర మగ్గానికి నేలలో గుంట తీస్తారు. కాళ్ళు ఆ గుంటలోకి దించి కింది చెక్కలు తొక్కుతూ, కుడిచేత్తో తాడు లాగుతుంటే పైన నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంది. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేవడం, మళ్ళీ దీపాలు పెట్టే వేళ దాకా అదే పని. పిన్నికి షుగరు. అరికాళ్ళలో స్పర్శ చాలావరకు పోయింది. డాక్టరు మందులతో పాటు రెండు పనులు చెప్పాడు. పొద్దున్నే అరగంట నడవాలి. నడిచొచ్చి కాళ్ళు కడుక్కుని అరికాళ్ళు చూసుకోవాలి.

యాప్‌ను బయటికి వదిలే ముందు కొందరిచేత వాడించి చూస్తారు. మా వీధిలో కొందరికి, గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళలో కొందరికి నేనే బ్యాండ్లు ఇచ్చాను. తొడిమలు తీసేవాళ్ళు మూడో రోజుకే విప్పి పక్కన పడేశారు. "పొద్దస్తమానం కూర్చుని లేచేసరికి నడుం పడిపోద్ది, మళ్ళీ నడకేందమ్మా నీ మొహం" అని ఒకావిడ నవ్వింది. మా వీధిలోనూ వారం తిరిగేసరికి అందరూ ఆపేశారు. పిన్ని ఒక్కతే మిగిలింది.

ఆవిడ మిగిలింది నా మల్లె మొక్కను చూసి అని కంపెనీలో చెప్పాను. నిజానికి నేను రోజూ పొద్దున్నే వెళ్ళి పిలిచేదాన్ని కాబట్టి వచ్చేది. ఇద్దరం రైలు కట్ట దాకా నడిచి వచ్చేవాళ్ళం. దారి పొడుగునా వీధిలో అందరి గుట్టూ విప్పి చెప్పేది, నేను నవ్వలేక చచ్చేదాన్ని. తిరిగొచ్చి పంపు దగ్గర బండ మీద కూర్చుని కాళ్ళు కడుక్కునేది. వంగి చూసుకోవడానికి ఆవిడకు మోకాళ్ళు సహకరించేవి కావు. "ఇదుగో, నా అరికాలి జాతకం చెప్పు" అని కాలు చాపేది. నేను చూసి చెప్పేదాన్ని. ఇక్కడ పగిలింది పిన్నీ, ఇక్కడ రాయి గుచ్చుకుంది పిన్నీ. పసుపు రాసుకునేది.

పన్నెండో రోజు నుంచి నేను వెళ్ళడం మానేశాను. కంపెనీకి పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడటానికి వస్తున్నారని, పని మీద పడింది. నేను లేకపోతే ఆవిడా మానేస్తుందనుకున్నాను. మొక్క మాత్రం రోజూ ఆకు వేస్తూనే ఉంది. సంబరపడ్డాను. నాలుగైదు రోజులయ్యాక ఆవిడ అడుగులు ఏ వేళప్పుడు పడుతున్నాయో తెరిచి చూశాను.

పొద్దున్న ఒక్క అడుగు లేదు. తొమ్మిదికి మొదలై ఒంటిగంట దాకా, మళ్ళీ రెండు నుంచి చీకటి పడేదాకా, తెర మీద సమానంగా, ఒకే వేగంతో పడిన గీతలు. హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు దాన్ని చూస్తే ఈవిడెవరో ఇల్లంతా తిరుగుతూ పనిచేస్తోంది అనుకుంటారు. నేను మగ్గాల వీధిలో పుట్టిన పిల్లను. ఆ గీతలు చూడగానే నాడె చప్పుడు వినబడింది. తాడు లాగే చేతికి బ్యాండు కట్టుకుంది. లాగిన ప్రతిసారీ అది ఒక అడుగు అనుకుంటోంది. కాళ్ళు గుంటలోనే ఉన్నాయి.

ఆ సంగతి ప్రపంచంలో నా ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెబితే మా దగ్గర చూపించుకోవడానికి ఒక్క మనిషి కూడా మిగలదు.

ఆ వారమే ఆవిడ ఫోటో కోసం వెళ్ళాను. మధ్యాహ్నం. బాబాయి లోపల పడుకున్నాడు. ఆవిడ నన్ను చూసి మగ్గం ఆపింది.

"అమ్మాయ్, మంచిదానివి వచ్చావు. ఒక డౌటు తీర్చు."

"చెప్పు పిన్నీ."

"ఇది నేను నడిచినా లెక్కపెడతంది, నాడె ఆడించినా లెక్కపెడతంది. మజ్జానానికే ఆకేసేస్తంది. ఇంక పొద్దున్నే పడతా లేస్తా పోవటం ఎందుకని నడక మానేశా. మానేయొచ్చంటావా? డాక్టరు చెప్పింది ఇది కాదు గదా?"

నా మొహంలోకే చూస్తూ ఆగింది. నిజం ఆవిడకు తెలుసు, గమనించారా? సగం ఆవిడే చెప్పేసింది. "మగ్గం మీద ఉన్నప్పుడు బ్యాండు తీసేయి పిన్నీ, రేపు పొద్దున వస్తాను, నడుద్దాం" అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చిందో లేదో ఇప్పుడు కచ్చితంగా చెప్పలేను. వచ్చిందని చెప్పుకుంటే కాస్త మంచిదాన్ని అనిపించుకుంటాను కాబట్టి, రాలేదనే అనుకోండి.

"పర్లేదు పిన్నీ. ఒళ్ళు కదలడమే కదా కావాల్సింది."

"అంతేనంటావా? సరే అయితే. చదువుకున్నదానివి, నీకు తెలవదా."

నవ్వింది. ఫోటో తీసుకున్నాను. ఆ నవ్వు ఫోటోలో ఉంది.

ఎందుకన్నాను? కొత్తవాళ్ళను నిరుత్సాహపరచకూడదు గదా అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. మెత్తగా మాట్లాడటం నా వృత్తి అని చెప్పుకున్నాను. అసలు మెత్తదనం ఎవరి కోసం? మాస్టారిలా అరిచే పాడు యాప్ ఏదైనా ఆవిడ చేతికి ఉండి ఉంటే, నాలుగు తిట్లు తిట్టి అయినా నిజం చెప్పేదేమో. నలభయ్యో రోజు మల్లె పూసింది. ఆవిడ ఫోటో కింద "నడకతో మారిన జీవితం" అని నేనే రాశాను. పెట్టుబడి పెట్టడానికి వచ్చినవాళ్ళకు తెగ నచ్చింది.

పిన్ని అరికాలు మళ్ళీ ఎవరూ చూడలేదు.

వానాకాలంలో గుంటలోని చెక్క అంచు లేచి, ఎప్పుడో కాలికి గుచ్చుకుంది. నొప్పి తెలియలేదు. గుంటలో చీకటి, పైగా చెమ్మ. ఇంట్లో ఏదో వాసన వస్తోందని, ఎలుక చచ్చిందేమోనని బాబాయి రెండు రోజులు మూలమూలలా వెతికాడట. ఆ వాసన కాలిదని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. గుంటూరు ఆసుపత్రిలో ముందు వేళ్ళు తీశారు. తర్వాత మోకాలి కింద దాకా.

ఇంతవరకు చెప్పింది తప్పే. కానీ నేను ఒప్పుకోవడానికి వచ్చింది ఇది కాదు. దీన్ని తెలిసీ తెలియని వయసు అనో, ఉద్యోగం ఒత్తిడి అనో సర్దుకుని బతికేయొచ్చు. సర్దుకున్నాను కూడా. ఆ తర్వాత జరిగింది ఉంది చూశారూ, దానికి ఏ సర్దుబాటూ లేదు.

చూడటానికి వార్డుకు వెళ్ళాను. బత్తాయిలు పట్టుకెళ్ళాను. బాబాయి మంచం పక్కన నిలబడి అందరికీ వినబడేలా తిడుతున్నాడు. తిట్టడం తప్ప ఆయనకు ఏడవడం రాదు. "నడవమ్మా నడవమ్మా అని డాక్టరు చెవినిల్లు కట్టుకుని పోరాడు. వింటేగా ఇది! బద్ధకం. కాలు పోగొట్టుకుంది."

పిన్ని తల తిప్పింది. నన్ను చూడగానే ఆవిడ మొహం వెలిగింది. సాక్షి వచ్చిందనుకుంది.

"నేనేం ఊరికే మానలేదయ్యా. ఈ అమ్మాయిని అడిగే మానేశా. మగ్గం మీద పడిన లెక్క సరిపోద్దా అని అడిగా. పర్లేదంది. ఏమ్మా, అన్నావు గదా? చెప్పు మీ బాబాయికి."

పక్క మంచాలవాళ్ళు కూడా నా వైపు చూశారు.

"నాకు గుర్తులేదు పిన్నీ," అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "నువ్వు అడిగుంటే నేను వద్దని చెప్పేదాన్ని కదా," అని కూడా అన్నాను. మెత్తగా, నచ్చజెబుతున్నట్టుగా అన్నాను.

ఆవిడ వాదించలేదు. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు. "అవునా" అంది. దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ పైకి చూస్తూ పడుకుంది. బాబాయి "చూశావా, పైగా పిల్ల మీదకు తోస్తోంది" అని నాకు క్షమాపణ చెప్పాడు. ఆయన నాకు క్షమాపణ చెప్పాడు.

ఆ తర్వాత మూడేళ్ళు ఆ ఇంట్లో ఆ తిట్లు ఆగలేదు. కుంటుకుంటూ పెరట్లోకి వెళ్ళాలన్నా, గ్లాసు అందుకోలేకపోయినా, "అప్పుడు నడిచుంటేగా" అనేవాడు. వీధిలో షుగరున్న ప్రతివాళ్ళకూ పిన్ని ఒక హెచ్చరిక అయిపోయింది. నాగరత్నంలా మొండికేయకండి అనేవాళ్ళు. మా అమ్మ కూడా అంది. నేను అన్నం కలుపుకుంటూ విన్నాను.

నాకు గుంటూరులో ఇంతకంటే పెద్ద ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో చూపించింది ఆవిడ ఫోటో, మల్లె పువ్వు ఉన్న ఆ పేజీనే. ఆ యాప్ ఎప్పుడో మూతపడింది.

కిందటేడు ఒకసారి చీరాల వెళ్ళినప్పుడు పిన్ని పిలిపించింది. వెళ్ళకుండా తప్పించుకోలేకపోయాను. మగ్గం విప్పేశారు. గుంట మట్టితో పూడ్చేసి పైన చాప పరిచారు. ఆవిడ మంచం మీద కూర్చుని ఎవరివో కండెలు చుట్టిపెడుతోంది. చాలాసేపు వాళ్ళవీ వీళ్ళవీ కబుర్లు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"తల్లీ, ఆసుపత్రిలో నలుగురిలో నీ మీద నింద వేశా. మనసులో పెట్టుకోబాక. ఆలోచిస్తే నిన్ను అడగనే లేదనిపిస్తంది. అడుగుదామనుకుని ఊరుకున్నానేమో. షుగరుతో మతి కూడా పోయింది నాకు."

ఇదిగో, దీని కోసమే ఇంత రాసింది. ఆవిడ కాలు పోవడంలో నాది సగం పాపం అనుకుందాం. కానీ ఆవిడకు తన మాట మీద తనకున్న నమ్మకాన్ని మాత్రం పూర్తిగా నేనే తీశాను. అది తిరిగి ఇవ్వడానికి ఆ మధ్యాహ్నం నాకు అవకాశం వచ్చింది. ఇంట్లో మూడో మనిషి కూడా లేడు. ఆవిడ చెయ్యి నా చేతి మీదే ఉంది.

"పర్లేదులే పిన్నీ," అన్నాను.

నాలుగు నెలలకు పోయింది.

పెద్దకర్మ రోజు వెళ్ళాను. బాబాయి వచ్చినవాళ్ళకు అదే చెబుతున్నాడు, నడవమంటే నడవలేదు, నా మాట విన్లేదు అని. చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆయనకు చెప్పేద్దామని పక్కన కూర్చున్నాను. చెబితే మూడేళ్ళు ఆవిడను అన్నవన్నీ తిరిగి ఆయనకే తగులుతాయి. ఇకముందు ఆ ఇంట్లో ఒంటరిగా వాటితోనే బతకాలి. అందుకని ఊరుకున్నాను. ఇది జాలా, సాకా? మీరైతే ఏమంటారు? నాకు జవాబు తెలుసు. నా సాకులన్నీ జాలి మొహం పెట్టుకునే వస్తాయి.

రాస్తే బరువు తగ్గుతుందంటారు. తగ్గలేదు. ఆవిడ లేచి రాదు, బాబాయికి తెలియదు, మా వీధిలో ఆవిడ పేరు మారదు. ఇన్నాళ్ళూ నాలో ఒక్క చోటే ఉన్నది ఇప్పుడు మీ దగ్గర కూడా ఉంది, అంతవరకే నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. కనీసం మీరైనా నమ్మండి.

ఆవిడకు మతి పోలేదు. ఆ రోజు మధ్యాహ్నం మగ్గం ఆపి, నా మొహంలోకి చూసి, నాగరత్నం పిన్ని నన్ను అడిగింది. నాకు గుర్తుంది.