మేడమ్ కుట్టిన పారాచూట్

మేడమ్ పోయారన్న సంగతి నాకు వాట్సాప్‌లో తెలిసింది. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉన్నాను. యూనివర్సిటీ పాత గ్రూపులో డైరెక్టర్ గారు పెట్టిన మెసేజ్ అది. మా పారాచూట్ పరిశోధన బృందాన్ని ఏళ్ల తరబడి నడిపించిన ఆవిడ తెల్లవారుజామున కన్నుమూశారనీ, ఆవిడ లేని లోటు తీర్చలేనిదనీ రాశారు. కింద వరసగా దండం పెట్టే చేతులు. నా బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది గానీ, ముందు మాత్రం ఒళ్లు మండింది. ఆవిడను మూల కూర్చోబెట్టిన మనిషే ఆ లోటు గురించి మాట్లాడుతుంటే మండదా మరి?

పారాచూట్ అనగానే మీకు విమానంలోంచి దూకే సైనికుడు గుర్తొస్తాడేమో. మేం చేసింది మందుల పెట్టెల కోసం. వాగులు పొంగి దారి తెగిన ఊరికి పెద్ద డ్రోన్ మీద మందులు పంపి, లోపలి సీసాలు పగలకుండా పైనుంచి దించాలి. అదీ మా పని. మెకానికల్ బ్లాకు వెనక ఒక రేకుల షెడ్డు, దాని నిండా ఒకే పొడుగాటి బల్ల, గోడవారగా కుట్టుమిషన్లు. మిగతా డిపార్ట్‌మెంట్లవాళ్లు మమ్మల్ని దర్జీ దుకాణం అనేవాళ్లు. ఒక ప్రొఫెసర్ గారైతే నిజంగానే ప్యాంటు పొడవు తగ్గించమని పట్టుకొచ్చారు. మేడమ్ ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ప్యాంటు కుట్టి చేతిలో పెట్టి, "మస్తు కుదిరింది సార్. ఇగ మీ దగ్గర ఆగిన మా ఫైలు గూడ జర కదిలించున్రి" అన్నారు. మర్నాడే కదిలింది.

మేడమ్‌ది వరంగల్ వైపు పల్లె. అమ్మ ఊళ్లో ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది, నాయన చర్చిలో పాటలు పాడించేవాడు. పెద్ద చదువే చదివారు గానీ, ఎవరైనా డాక్టర్ అని పిలిస్తే వద్దనేవారు. "డాక్టరంటే జనం నాడి సూడుమని చెయ్యి సాపుతరమ్మా" అని నవ్వేవారు. నాచారంలో కాపురం. భర్త మల్లాపూర్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని.

బల్ల దగ్గరికి రావాలంటే ముందు గాజులు, ఉంగరాలు, వాచీలు తీసి డబ్బాలో వేయాలి. తలకు నూనె పెట్టుకున్న రోజు మిషన్ల వైపు కూడా రానిచ్చేవారు కాదు. కుట్టు ఎలా ఉందో చూడాలంటే దానికి అటూ ఇటూ గుడ్డను బొటనవేళ్లతో అదిమిపట్టి లాగేవారు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, నేను కొత్త బట్టలు కట్టుకొని వెళ్తే బాగున్నావా అని అడగకముందే నా భుజం మీది కుట్టు లాగి చూసేవారు. "ఎవలు కుట్టిన్రమ్మా? ఉప్పల్‌ల కుట్టిచ్చినవా? నిలవది" అనేవారు. చాలాసార్లు నిలిచేది కాదు కూడా. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు మీద సుడిగాలికి ఒక ప్లాస్టిక్ కవరు లేచిందంటే చాలు, అది కిందికి దిగేదాకా తలెత్తి చూస్తూ నిలబడిపోయేవారు. వెనక ఆటోవాళ్లు హారన్లు కొట్టేవాళ్లు. నేను చెయ్యి పట్టుకొని పక్కకు లాగాల్సి వచ్చేది.

దసరాకు ఆయుధపూజ మా షెడ్డులోనూ జరిగేది. మేడమ్ క్రైస్తవురాలే అయినా కొబ్బరికాయలు, నిమ్మకాయలు, బంతిపూలు తనే తెచ్చేవారు. మిషన్లకు పసుపు కుంకుమ పెట్టాక ఎవరో ఒకరు పారాచూట్ గుడ్డకు కూడా బొట్టు పెట్టబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టేవారు. "మిషన్‌కు ఎంతైనా పెట్టు బిడ్డా, గుడ్డకొద్దు. గుడ్డకు ఏదంటినా మడతల అతుక్కుంటది." మాకది మామూలు మాట. ఇదే మాటను తర్వాత కొందరు, ఆవిడ మతాన్ని చూపించి, ఇంకో రకంగా చెప్పుకున్నారు. ఆ మాటలన్నవాళ్లు పండగనాడు ఆవిడ తెచ్చిన కొబ్బరి ముక్కలు తిన్నవాళ్లే.

ఇక అసలు సంగతి. పెట్టె దించడం చూడటానికి బయటి నుంచి పెద్దలు వస్తామన్నారు. నారపల్లి దాటాక ఇంకా ప్లాట్లు కాని ఖాళీ పొలం ఒకటి మాట్లాడుకున్నాం. పారాచూట్ గొడుగు గుడ్డ మొత్తం మేడమ్ స్వయంగా కుట్టారు. అప్పుడు డైరెక్టర్ గారికి ఒక కోరిక పుట్టింది. గుడ్డ మీద యూనివర్సిటీ లోగో పెద్దగా ఉండాలట.

"పైనుంచి దిగుతుంటే ఫొటోల మనదని తెల్వాలె గద మేడమ్" అన్నారు.

"రంగు వెయ్యొద్దు సార్. ఆరినట్టే కనవడ్తది. మడిచి సంచిల బిగించినంక ఈ ఎండకు పొరలన్ని అతుక్కుంటయి. గాలి లోపలికి పోదు" అన్నారు మేడమ్. లోగో కావాలంటే పెట్టె మీద వేయించుకోమన్నారు. డైరెక్టర్ గారు సరేనన్నారు.

మేడమ్ ఆపరేషన్ కోసం దవాఖానాలో చేరగానే ఆ సరే కాస్తా మారిపోయింది. గుడ్డను మల్లాపూర్‌లో బ్యానర్లకు రంగులేసే చోటికి పంపించి, లోగో వేయించి, రేపు ఎగరేయాలనగా తెచ్చారు. నేను మడవనన్నాను. అయితే గేటు దగ్గర బొకేలు పట్టుకొని నిలబడమన్నారు. మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ మంచం మీది నుంచే డైరెక్టర్ గారికి ఫోన్ చేశారు, మళ్లీ మళ్లీ చేశారు. ఆయన ఎత్తలేదు. మడత పెట్టడం తెలిసిన మిగతావాళ్లు, ఉద్యోగ భయంతో, చెప్పినట్టు మడిచారు.

గొడుగు సంచిలోంచి బయటికైతే వచ్చింది. పిండి వదిలేసిన తడి తువ్వాలులా ముద్దగానే వచ్చింది. పెట్టె నేరుగా వచ్చి పొలంలో పడింది. ఎవరికీ ఏం కాలేదు, సీసాలు మాత్రం నుగ్గయ్యాయి. నేను బొకేలు అక్కడే పడేసి పరుగెత్తాను. పొరలు ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి. రెండు చేతులా లాగితే చర్రుమని రంగు ఊడింది. కుట్టు ఒక్కచోట కూడా జారలేదు. నా వెనకే డైరెక్టర్ గారి గొంతు వినిపించింది. వచ్చిన పెద్దలతో, "స్టిచింగ్ డిఫెక్ట్ సార్, కుట్టులనే తేడా" అంటున్నారు. ఆయన అప్పటికింకా ఆ గుడ్డను ముట్టుకోనైనా లేదు.

కమిటీ వేశారు. చూసింది చూసినట్టు చెప్పాను. "నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నవ్ గద" అని అడిగారు. అవునన్నాను. కుట్టుదే తప్పని తేల్చారు. ఆ తర్వాత నా కాంట్రాక్టు పొడిగించలేదు. మేడమ్ కోలుకొని వచ్చి గుడ్డ ఒక్కసారి చూపించమంటే, చెత్తలో పోయిందన్నారు. మా పరిశోధన గ్రూపు మూసేశారు. ఆవిడను మొదటి సంవత్సరం పిల్లలకు డ్రాయింగ్ చెప్పమన్నారు. షెడ్డులో ఇప్పుడు జిమ్ నడుస్తోంది. నేను మల్లాపూర్‌లోనే సిమెంటు సంచులు కుట్టే కంపెనీలో నాణ్యత చూస్తున్నాను. కుట్టు లాగి చూడటం మేడమ్ నేర్పిందే, ఆ విద్యే నాకు అన్నం పెడుతోంది.

తర్వాత నాచారంలో వాళ్లింటికి తరచూ వెళ్లేదాన్ని. శనివారమైతే సర్వపిండి చేసి పెట్టేవారు. కోర్టుకు వెళ్దాం మేడమ్ అని నేను ఎగిరితే, "తిను ముందు, సల్లారుతది" అనేవారు. ఒక్కసారి మాత్రం మనసు విప్పారు. "రంగు తప్పని వాళ్లను ఒప్పుకొమ్మంటలేనమ్మా. గ్రూపు తీసేసిన్రు, తీసెయ్యనీ. కుట్టు తప్పు అనొద్దు. మా అమ్మ నేర్పిన కుట్టది. ఆ ఒక్క మాట వాపసు తీస్కోమను." అన్న వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నారు. జబ్బు తిరగబెట్టి మళ్లీ దవాఖానాలో పడ్డప్పుడు కూడా, వాళ్లు తొడిగిన గౌను కుట్టు లాగి చూసి, "నాకంటె ముందు ఇదే పోయేటట్టుంది" అన్నారు. నేను నవ్వలేకపోయాను. నాకు పని నేర్పిన మనిషి, పనిలో పరువు నేర్పిన మనిషి, ఆ పని మీదే మచ్చ మోసుకుంటూ పోవడం నేను ఇప్పటికీ జీర్ణించుకోలేకపోతున్నాను.

సంతాప సభ యూనివర్సిటీ హాల్లోనే పెట్టారు. ఇంటి దగ్గర పెడితే నేను ఆలోచించకుండా వెళ్లేదాన్ని. అన్న రమ్మన్నారని ఇక్కడికీ వెళ్లాను. ఆయన పక్కనే ముందు వరసలో కూర్చున్నాను. డైరెక్టర్ గారు చాలాసేపు మాట్లాడారు. మేడమ్ సంస్థకు మూలస్తంభమన్నారు. ఆవిడ పేరు మీద ఏటా బంగారు పతకం ఇస్తామన్నారు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు అన్న చేతికిచ్చారు. అన్న లేవలేదు. కుర్చీలోంచే, నేలచూపులు చూస్తూ మొదలుపెట్టారు.

"పతకం వద్దు సార్. ఆమె ఏ పతకం అడగలే. కుట్టు మంచిగనే ఉండె అని ఒక్క మాట అనున్రి. ఇంతమంది ముంగట. గంతే. మేం ఇంటికి పోతం."

డైరెక్టర్ గారు గ్లాసు తీసుకొని మంచినీళ్లు తాగారు. పక్కనున్నాయన చెవిలో ఏదో అన్నారు. తర్వాత తన మైకు దగ్గరికి వంగి, "కుటుంబం ఎంతో దుఃఖంలో ఉంది. దయచేసి అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలి" అన్నారు.

వందల కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరూ లేచి తలలు వంచుకున్నారు. అన్న లేవలేదు, నేనూ లేవలేదు. ఆయన చేతిలో మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు. ఆ మౌనం సాగినంతసేపూ హాలు నాలుగు మూలలా స్పీకర్లలోంచి ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. డైరెక్టర్ గారు కళ్లు మూసుకొని ఉన్నారు. అన్న ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చున్నారు.