పొట్టి మాట మీద మోర్

బహదూర్‌పురా జూలో పదకొండేళ్లుగా చీపురు పట్టిన మహేశ్వరికి నలభై నాలుగు నిండాయి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి. సందర్శకులను బ్యాటరీ బండిలో తిప్పుతూ జంతువుల గురించి చెప్పే గైడు పనికి పాతవాళ్లలోంచి ఒకరిని తీసుకుంటామన్నారు. ఇంటర్వ్యూ ఇంగ్లిషులో ఉంటుంది. నలభై ఐదు దాటితే దరఖాస్తే చెల్లదు. ఆమెకు ఇదొక్కటే అవకాశం.

ఏ జంతువు ఏం తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో ఆమెను నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. పదో తరగతి ఇంగ్లిషు కూడా కొంత మిగిలింది. చిక్కల్లా పోలిక దగ్గరే. తెలుగులో 'కంటే' అంటే చాలు, 'పెద్ద' అనే మాట మారకుండా 'పెద్ద'గానే ఉంటుంది. ఇంగ్లిషులోకి వెళ్లేసరికి కనబడిన ప్రతి మాటకూ ముందు 'మోర్' తగిలించేది. "టైగర్ ఈజ్ మోర్ బిగ్గర్" అనగానే డిగ్రీ చదివే ఎదురింటి హిబా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"నవ్వకే! తప్పేంది గిండ్ల?"

"ఆంటీ, మా ఉర్దూ బోలీల మోర్ అంటే ఏంది?"

"నెమలి."

"ఆఁ. నెమలి పొట్టి చెట్టు మీద పండుకుంటదా? బ్యూటిఫుల్ పొడుగు మాట, పొడుగు చెట్టు లెక్క, మోర్‌ను దాని మీద కూసోబెట్టు. బిగ్ పొట్టి మాట. ఎనక 'అర్' తోక పెడితే బస్."

"మరి గుడ్?"

"అది పాగల్‌ది. ఏకంగా బెటర్ అయితది. దాని మీద మోర్ నక్కో, వద్దే వద్దు."

ఇంటర్వ్యూలో అధికారి సింహాన్నీ పులినీ పోల్చమన్నాడు.

"టైగర్ ఈజ్ మో..." నాలుక మీద నెమలి వాలబోయింది. మహేశ్వరి గుటక వేసి దాన్ని తరిమేసింది. "టైగర్ ఈజ్ బిగ్గర్ దాన్ లయన్, సర్."

"పీకాక్, పీహెన్?"

"పీకాక్ ఈజ్ మోర్ బ్యూటిఫుల్, సర్."

ఆయన కాగితం పక్కన పెట్టి, "స్వీపింగ్? గైడ్?" అన్నాడు.

"స్వీపింగ్ ఈజ్ హార్డర్, సర్. గైడ్ ఈజ్ బెటర్."

ఆయన నవ్వాడు. "ఒకటో తారీఖు నుంచి బండెక్కమ్మా."

బయటికొచ్చి ఫోన్ చేసింది. "హిబా, పని ఒచ్చింది! మోర్ ఒక్కపారే వాలింది!"

"ముబారక్ ఆంటీ! గిప్పుడు మోకాళ్లెట్లున్నయ్, 'గుడ్' ఏనా?"

"బెటర్!"

మెట్లు దిగుతుంటే మోకాలంత గోడ మీద నెమలి తోక వేలాడేసుకుని కూర్చుంది.

"ఏందే, పొట్టిదాని మీద కూసున్నవ్?" అంది మహేశ్వరి. "సారు సూస్తే నా నౌకరి పోతది. లే!"