సలోమి అడిగిన సవరణ

జిల్లాలు విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో, ఖమ్మంలో ఉన్న నన్ను మా దినపత్రిక భద్రాచలానికి స్టాఫ్ రిపోర్టర్‌గా బదిలీ చేసింది. అంతకుముందు నేను జిల్లా ఎడిషన్‌కు డెస్క్ ఇన్‌చార్జిని. మండలాల నుంచి విలేకరులు పంపే వార్తలను దిద్ది, శీర్షికలు పెట్టి, ఏది ఏ పేజీలో రావాలో తేల్చడం ఆ ఉద్యోగం. భద్రాచలం వెళ్లిన రెండో నెలలో ఎడిషన్ ఇన్‌చార్జి ఫోన్ చేశారు. గాయని సలోమి రెండేళ్ల తర్వాత మళ్లీ పాడబోతోందనీ, కార్యక్రమానికి ముందే ఇంటర్వ్యూ కావాలనీ చెప్పారు.

సలోమిది సత్తుపల్లి. తండ్రి బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపేవాడు. చర్చిలో పాడుతూ ఎదిగి, టీవీ పోటీల్లో జానపదాలు పాడి పేరు తెచ్చుకుంది. పై స్థాయిలో ఆమె తీసే రాగం కోసమే జనం కదిలి వచ్చేవారు. రెండేళ్ల క్రితం పాల్వంచలో, పాట మధ్యలో గొంతు పూడుకుపోయి, ఊపిరందక తూలుతూ వేదిక దిగిపోయింది. ఎవరో ఫోన్లో తీసిన ఆ దృశ్యం ఛానళ్లలో రోజంతా తిరిగింది. తాగి వచ్చిందని అవే తేల్చేశాయి. మా పత్రిక కూడా మొదటి పేజీలో బాక్స్ కట్టి, అంటే చుట్టూ గీతలు గీసి కొట్టొచ్చినట్టు కనపడేలా, అదే వేసింది. రాసింది పాల్వంచ విలేకరి. ఆమెతో మాట్లాడావా అని అతన్ని అడగకుండా పేజీలో పెట్టింది నేను. ఆమె స్వరతంత్రుల మీద కణితి ఉందనీ, ఆపరేషన్ అయిందనీ కొన్ని నెలలకు తెలిసింది. తెలిసినా మేము ఒక్క ముక్క రాయలేదు.

దుమ్ముగూడెం దారిలోని ఒక ఊళ్లో, నర్సుగా పనిచేసే మేనత్త ఇంట్లో సలోమి, ఆమె తల్లి ఉంటున్నారు. పత్రిక పేరు చెప్పగానే తల్లి లోపలికి వెళ్లిపోయింది.

"మీ పేపర్లనే గద సార్, నన్ను తాగుబోతును చేసింది?" అంది సలోమి. గొంతు బొంగురుగా, బాగా కిందిస్థాయిలో ఉంది.

ఆ వార్తను పేజీలో పెట్టింది నేనేనని చెప్పాను. ఆమె ఒక కుర్చీ నా వైపు జరిపింది.

"నేనైతే పాడుడు మళ్ల నేర్చుకున్న. పైకి పోతే గొంతు మొత్తానికే పోతదని డాక్టర్ చెప్పిండు. రోజూ పొద్దుగాల ఈ ఊరి చర్చిల ఆడోళ్లతోని కూసోని కింది గొంతుల సాధన చేసిన. మా అమ్మ మాత్రం సిగ్గుతోని అప్పటి సంది చర్చి గడప తొక్కలే. ముందుగాల ఆ తాగుడు వార్త తప్పని రాయండ్రి. ఆ తర్వాత మీరేమడిగినా చెప్త."

ఇన్‌చార్జికి ఫోన్ చేస్తే, పాఠకులకు కావలసింది ఆమె కన్నీళ్లు గానీ మన సంజాయిషీ కాదన్నారు. కావాలంటే ఆనవాయితీ ప్రకారం లోపలి పేజీ అడుగున రెండు లైన్ల సవరణ వేస్తామన్నారు. తప్పు మొదటి పేజీలో బాక్స్‌గా వచ్చింది కాబట్టి సవరణ కూడా అక్కడే, అలాగే రావాలన్నాను. రిటైరయ్యే ముందు నీకీ మొండితనమెందుకని ఆయన విసుక్కున్నారు. నా పేరుతోనే సవరణ రాసి పంపాను. అది వచ్చేదాకా ఇంటర్వ్యూ పంపనని ఎడిటర్‌కు ఉత్తరం రాశాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. బదిలీకో, మెమోకో సిద్ధపడ్డాను. మూడో రోజు సవరణ మొదటి పేజీలో, బాక్స్‌లో వచ్చింది. ఆ పొద్దున్నే సలోమి ఫోన్ చేసింది.

"అమ్మ రెండుసార్లు చదివించుకున్నది సార్. ఇప్పుడు రాండ్రి, ఏమడుగుతరో అడుగుండ్రి."

కార్యక్రమం భద్రాచలంలోని ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మొదటి వరుస కుర్చీలకు అడ్డంగా కెమెరాలు నిలబడ్డాయి. ఆ రోజులు తలచుకుంటే ఏడుపు రావడం లేదా అని ఒక ఛానల్ అతను మైకు పెట్టాడు. "వస్తలేదన్నా. జర పక్కకు జరుగు, మా అమ్మకు కనపడ్తలేదు" అందామె.

మొదటి పాట కాగానే వెనక నుంచి పాత పాట, పాత గొంతుతో పాడమని కేకలు వచ్చాయి.

"ఆ గొంతు ఇగ రాదు. ఉన్న గొంతు ఇదే. ఇనేటోళ్లు కూసోండ్రి."

కొందరు లేచి వెళ్లిపోయారు. ఆమె ఆపలేదు. కూర్చున్నవాళ్లు మూడో పాటకు పల్లవి అందుకున్నారు. మర్నాడు ఒక ఛానల్ ఆమె చెమట తుడుచుకున్న దృశ్యాన్ని కన్నీళ్లని చూపించింది. మునుపటి జనం మళ్లీ రాలేదు. చిన్న వేదికల మీద ఇప్పటికీ పాడుతోంది.

వృత్తిలో అప్పటిదాకా సవరణను నేను ఒక లాంఛనంగా చూశాను. ఒక మనిషి మళ్లీ నలుగురిలోకి రావడానికి అది ఎంత అవసరమో ఆ నెలలో తెలిసింది. ఆమెకు గొంతును మేమివ్వలేదు, ఆమే తెచ్చుకుంది. మేము చేయగలిగింది మేము చేసిన తప్పును, చేసిన చోటే ఒప్పుకోవడం. అదీ ఆమె అడిగాకే చేశాం.